రంగు వెతుక్కుంటూ బయలుదేరిన రాజహంస: ఒక బొమ్మల నవల పని డైరీ

జూన్ 8

కథ మొత్తం ఈ రోజు ఒక్క వాక్యంలో కాగితం మీదికి వచ్చింది కాబట్టి, డైరీని ఇక్కడి నుంచి మొదలుపెడుతున్నాను. పెద్దవాళ్లందరూ గులాబి రంగులో ఉంటే తానొక్కడే బూడిద రంగులో ఉన్నానని బెంగపెట్టుకున్న ఒక రాజహంస (ఫ్లెమింగో) పిల్ల, పోయిన తన రంగును వెతుక్కుంటూ, ఒక తాబేలునూ ఒక కాకినీ ఒక ముంగిసనూ వెంటబెట్టుకుని చెన్నై నుంచి పులికాట్ సరస్సుకు బయలుదేరుతుంది. నిజానికి రంగు ఎక్కడికీ పోలేదు. రాజహంస పిల్లలు బూడిద రంగుతోనే పెరుగుతాయి. నాచులోనూ, చిన్నచిన్న రొయ్యల్లోనూ ఉండే కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలు తిండితో పాటు ఒంట్లో చేరి, రెండు మూడేళ్లు గడిచాక గానీ ఈకలకు ఆ ఛాయ రాదు. అంటే ఈ ప్రయాణం మొత్తం అక్కర్లేని ప్రయాణం. ఆ సంగతి చివరి పేజీల దాకా పిల్లలకు తెలియకూడదు, తెలిసినప్పుడు మోసపోయామని అనిపించకూడదు. నా ముందున్న అసలు చిక్కు అదే.

దారి మాత్రం తవ్వి సిద్ధంగానే ఉంది. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు మొదలైన కాలువ, తర్వాతి దశాబ్దాలలో ఉత్తరాన ఆంధ్ర తీరం వెంబడీ, దక్షిణాన మరక్కాణం దాకా సాగింది. నగరం నడుమ అడయారు, కూవం నదులను కలిపే భాగాన్ని 1877–78లో కరువు పనుల కింద తవ్వించారు; అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరే కాలువకు నిలిచింది. ఒకప్పుడు నెల్లూరు వైపు నుంచి ధాన్యం, ఉప్పు, కట్టెలు పడవల మీద మద్రాసుకు దిగిన ఈ దారిలోనే నా జంతువులు ఎదురు వెళతాయి. ఇప్పుడు మైలాపూరు దగ్గర ఎంఆర్‌టీఎస్ రైలు స్తంభాలు ఆ కాలువలోనే దిగి ఉన్నాయి. నీళ్ల వాసన సంగతి ఈ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, వాసనను బొమ్మలో ఎలా గీయాలన్నది పెద్ద ప్రశ్నే అయింది. చివరికి కాకి ముక్కుకు బట్టల క్లిప్పు తగిలించాను.

జూన్ 22

పాత్రలు కుదిరాయి. గిండీ జాతీయ వనంలో నక్షత్ర తాబేళ్లు ఉన్నాయి కాబట్టి, దళనాయకుడిని అక్కడి నుంచే తెచ్చాను. పేరు చుక్కయ్య. గ్రాంథికంలో తప్ప మాట్లాడడు. పాలసముద్రం చిలికినప్పుడు మందర పర్వతాన్ని మోసింది తమ వంశమేనని రోజుకు నాలుగుసార్లు గుర్తుచేస్తాడు. కాకి అచ్చమైన మద్రాసు తెలుగు మాట్లాడుతుంది, ప్రతిదానికీ తమిళంలో "ఆమా, ఆమా" (అవును, అవును) అంటుంది. ముంగిస మాట్లాడేది తక్కువ, తినేది ఎక్కువ. రాజహంస పిల్లకు పేరు ఇంకా పెట్టలేదు. ప్రస్తుతానికి "పిల్లోడు" అని రాసుకుంటున్నాను.

జూలై 13

పుస్తకం కొలత ఏడుంపావు అంగుళాల వెడల్పు, తొమ్మిదిన్నర అంగుళాల ఎత్తు. ప్రెస్సులో 16 పేజీలకు ఒక ఫారం చొప్పున నాలుగు ఫారాలు, అంటే 64 పేజీలు. మొదటి, చివరి పేజీలు పోగా కథకు 60 మిగులుతాయి. పేజీకి ఆరు బొమ్మల గడులు మించకూడదని నియమం పెట్టుకున్నాను.

స్క్రిప్టు తొమ్మిది వేల మాటలు వచ్చింది. భార్యకు చదివి వినిపిస్తే, నవల బాగుందనీ, ఇందులో బొమ్మలకు చోటెక్కడుందనీ అడిగింది. ఆమె అన్నది నిజమే. నేను పెరిగిన చదువంతా కథ పక్కన బొమ్మ ఉన్న చదువు. 1947 జూలైలో ఈ మద్రాసులోనే తెలుగు, తమిళ భాషలలో మొదలైన చందమామను తిరగేసినా, అందులో కథను మోసేది వాక్యమే. బొమ్మ దానికి అలంకారం, అది ఎంత గొప్ప అలంకారమైనా సరే. బొమ్మల నవలలో ఆ బరువు తలకిందులవుతుంది. "చుక్కయ్య కోపంగా చూశాడు" అని నేను రాసిన ప్రతిచోటా ఆ పని కనుబొమ్మ చేస్తుంది కాబట్టి, వాక్యం తీసేయాలి. కొట్టేస్తూ పోతే ఇప్పటికి మూడు వేల రెండు వందల మాటలు మిగిలాయి. ఇంకా తగ్గాలి.

మాటలు తగ్గించడానికి నాకు ఇంకొక కారణం కూడా ఉంది. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడే మా చుట్టుపక్కల పిల్లలు తెలుగు అక్షరాలను కూడబలుక్కుని చదువుతారు. వాళ్ల చేతిలో ఈ పుస్తకం పెట్టాలంటే గడికి పది మాటలు కూడా ఎక్కువే.

ఆగస్టు 17

పెన్సిలుతో గీసిన చిట్టి పేజీలను దారంతో కుట్టి, పెరంబూరులోని మా అపార్టుమెంటు పిల్లలు ఆరుగురికి చూపించాను. చూపించి పక్కన నిలబడడం కన్నా, వాళ్లు ఎక్కడ పేజీ త్వరగా తిప్పేస్తున్నారో గమనించడం నాకు ఎక్కువగా ఉపయోగపడింది. పన్నెండో పేజీ నుంచి పదిహేడో పేజీ దాకా ఎవరూ ఆగలేదు. ఆ ఆరు పేజీలూ పోయాయి.

రెండు ప్రశ్నలు మాత్రం నన్ను వారం రోజులు కూర్చోనివ్వలేదు. ఒకటి మా మేనకోడలిది: "మామయ్యా, పిల్లోడికి రెక్కలున్నాయి కదా, ఎగిరిపోతే అరగంటలో వెళ్లిపోడా?" తొమ్మిదేళ్ల పిల్ల అడిగిన ఈ ప్రశ్న నాకు రెండు నెలలుగా తట్టలేదంటే నమ్మడం కష్టం. రాజహంసలు గుంపుగా బతికే పక్షులన్న వాస్తవమే చివరికి ఆదుకుంది. ఇప్పుడు తొమ్మిదో పేజీలో పిల్లోడు ఠీవిగా ఎగిరిపోతాడు, మిగిలినవాళ్లు చేతులూపి సాగనంపుతారు, పదో పేజీ మొదటి గడిలోనే తిరిగి వచ్చి "ఒక్కడినే భయమేసింది" అంటాడు. కథలో కన్నం ఉన్నచోట ఇప్పుడు నవ్వు ఉంది.

రెండోది ఐదో తరగతి కుర్రవాడిది. నా స్క్రిప్టులో చుక్కయ్య కాలువలో ఈదుకుంటూ ముందు దారి చూపిస్తాడు. "అంకుల్, నక్షత్ర తాబేలుకు ఈత రాదు" అన్నాడు కుర్రవాడు, ఎంతో మర్యాదగా. వాడు చెప్పింది ముమ్మాటికీ నిజం. సముద్రపు తాబేలుకు తెడ్లలాంటి కాళ్లుంటాయి, నేల తాబేలుకు స్తంభాల్లాంటి కాళ్లూ, బరువైన గుండ్రని డిప్పా ఉంటాయి. నీళ్లలో వదిలితే మునిగిపోయే ప్రమాదమే ఎక్కువ. పదహారు పేజీలు చెత్తబుట్టకు పోయాయనుకుని దిగులుపడ్డాను. రాత్రికి గానీ తట్టలేదు, ఇంతకన్నా మంచి వార్త నాకు రాదని. పాలసముద్రంలో కొండను మోసిన వంశంవాడికి ఈత రాదు, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేడు! ఇప్పుడు చుక్కయ్య చేపల మార్కెట్టు నుంచి కొట్టుకొచ్చిన థర్మాకోల్ పెట్టెలో కూర్చుని, "మేము నడిచినచో అలలు లేచి మీరు భయపడుదురు" అని కారణం చెబుతూ ప్రయాణం చేస్తాడు.

సెప్టెంబరు 14

ఈ నెలంతా ఒకే ఒక దృశ్యం మీద గడిచింది. దాన్ని వివరంగా రాసి పెట్టుకుంటే తర్వాతి పేజీలకు పనికొస్తుంది.

హంస పాలనూ నీళ్లనూ వేరు చేస్తుందని మన పెద్దలు చెప్పే హంసక్షీర న్యాయం చుక్కయ్యకు కంఠతా వచ్చు. పిల్లోడు నిజంగా హంస అవునో కాదో తేల్చడానికి, టీ కొట్టు దగ్గర మిగిలిన నీళ్ల పాలను పరీక్షకు పెడతాడు. మొదటి స్క్రిప్టులో ఈ న్యాయాన్ని అతడు ముప్పై ఎనిమిది మాటల్లో వివరించేవాడు, కాకి సందేహాలు అడిగేది, ముంగిస పందెం కాసేది. చదువుతుంటే నాకే ఆవలింత వచ్చింది.

పుస్తకంలో బేసి సంఖ్య పేజీ కుడివైపు వస్తుంది, దాని వెనక ఏముందో తిప్పితే గానీ కనిపించదు. అందుకని పరీక్షను 23వ పేజీలో పెట్టి, ఫలితాన్ని 24కు నెట్టాను. 23లో మొదటి గడి: స్టీలు గ్లాసు, దాని వెనక చుక్కయ్య, "హంస కదా! పాలు వేరు, నీళ్లు వేరు." ఆ తర్వాత నాలుగు గడులలో ఒక్క మాట లేదు. రెండో గడిలో ముగ్గురూ గ్లాసునే చూస్తుంటారు. మూడో గడిలో వంకర ముక్కు గ్లాసులోకి దిగుతుంది. నాలుగో గడిలో "గుట గుట" మాత్రమే. ఐదో గడి రెండో గడికి అచ్చు నకలు, ఒక్క తేడాతో: ముగ్గురి మెడలూ ఒక అంగుళం ముందుకు సాగి ఉంటాయి. పేజీ తిప్పితే 24వ పేజీ నిండా "బ్రేవ్!" అన్న అక్షరాలు. ఆ గాలికి కాకి ఈకలు చెదిరిపోయి ఉంటాయి. అడుగున చిన్న అక్షరాలతో ముంగిస: "మరి నీళ్లేవీ?"

నాలుగో, ఐదో గడుల మధ్య ఖాళీని కొంచెం పెంచాను. ఆ నాలుగు మిల్లీమీటర్ల తెల్లటి చోటులోనే పిల్లలు ఊపిరి బిగబడుతున్నారు.

అక్టోబరు 26

ఒక దృశ్యాన్ని వదులుకున్నాను. మైలాపూరు పూల కొట్ల దగ్గర మిత్రులు ముగ్గురూ పిల్లోడికి కుంకుమ, బీట్‌రూట్ రసం, రోజ్ మిల్క్ పూసి గులాబి రంగు తెప్పించే ప్రయత్నం చేసే నాలుగు పేజీలు గీయడానికి చాలా సరదాగా ఉండేవి. అయితే మన సంతల్లో కోడిపిల్లలకు రంగులు వేసి అమ్మడం ఇప్పటికీ ఉంది. ఆ పని తమాషా అని పిల్లలకు నేను నేర్పినట్టు అవుతుంది. ఇప్పుడు పిల్లోడు కాలు జారి తనంతట తానే రోజ్ మిల్క్ పాత్రలో పడతాడు, కడుక్కోవడానికి రెండు పేజీలు అవస్థపడతాడు. నవ్వు కొద్దిగా తగ్గింది, పరవాలేదు.

నవంబరు 23

ఇంకు పని. ఈశాన్య రుతుపవనాల్లో కాగితం చెమ్మగిల్లి అంచులు లేస్తోంది, ఇండియన్ ఇంకు ఆరడం లేదు. రోజుకు ఒకటిన్నర పేజీ. గీసినవాటిని 600 డీపీఐలో స్కాన్ చేసి, క్రీటా అనే సాఫ్ట్‌వేర్‌లో రంగులు వేస్తున్నాను. ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

డిసెంబరు 21

అక్షరాలు కూర్చడం మొదలైంది. తెలుగులో ఇది వేరే విద్య. మన లిపి కిందికీ పైకీ పెరుగుతుంది; గుడి, ఏత్వం తల మీద కూర్చుంటే, "స్త్ర" లాంటివి వచ్చినప్పుడు వత్తులు కింది వరుసలోకి కాళ్లు చాపుతాయి. మండలి ఫాంటులో 14 పాయింట్ల అక్షరానికి వరుసల దూరం కనీసం 20 పాయింట్లు ఇవ్వకపోతే పై వత్తు కింది గుడిని తన్నుతోంది. దాంతో నేను ముందు అనుకున్న మాటల బుడగలన్నీ చాలకుండా పోయాయి.

అంతకన్నా కష్టం మాటల పొడవు. "వెళ్లిపోయాడేమోననుకున్నాను" అన్నది ఒకే మాట, గుండ్రటి బుడగలో ఎక్కడా విరగదు. విరగ్గొట్టి గీత పెడితే కూడబలుక్కుని చదివే పిల్ల అక్కడే ఆగిపోతుంది. "పోయాడనుకున్నా!" అని మార్చాను. ఇలా ప్రతి బుడగనూ నోటితో పలికి, ఊపిరి ఆగినచోట వరుస విరిచాను. మొత్తం మాటలు ఇప్పుడు రెండు వేల వందకు దిగాయి. ఒక్క చుక్కయ్యకే మినహాయింపు ఇచ్చాను: అతడి బుడగ గడి నిండా పెరిగి, మిగిలినవాళ్లను అంచుకు నెట్టేస్తుంది, కాకి ఆ బుడగ ఎక్కి నిద్రపోతుంది. వాగుడు కూడా బొమ్మే అయినప్పుడు దాన్ని ఎవరూ చదవకపోయినా నష్టం లేదు.

శబ్దాలకు ఫాంటు వాడలేదు, చేత్తో రాశాను. ఈ విషయంలో మన భాష పెట్టి పుట్టింది. తాబేలు నీళ్లలో పడితే "బుడుంగు", ముంగిస నేల మీద పడితే "ధబ్బు", పెట్టె విరిగితే "ఫెళ్లు". ఒకదాని చోట ఇంకొకటి వాడితే చిన్నపిల్లలు కూడా తప్పు పడతారు. "బుడుంగు"లో చివరి అక్షరాన్ని సగం నీళ్లలో ముంచాను.

జనవరి 18

ముందే చేయవలసిన పని ఇప్పుడు చేశాను. చెన్నై నుంచి లోకల్ రైల్లో సూళ్లూరుపేట వెళ్లి, అక్కడి నుంచి శ్రీహరికోట రోడ్డు మీద ఆటోలో సరస్సు నడుమకు చేరి, అరువు తెచ్చుకున్న బైనాక్యులర్‌తో మూడు గంటలు రాజహంసలను చూశాను. చూశాక నా పుస్తకంలో రెండు పెద్ద తప్పులున్నాయని అర్థమైంది.

మొదటిది రంగు. పెద్ద రాజహంసలు దూరం నుంచి దాదాపు తెల్లగానే కనిపిస్తాయి. అసలు రంగు రెక్కలో దాగి ఉంటుంది. రెక్క విప్పినప్పుడు గులాబి ఎరుపు ఒక్కసారిగా బయటపడుతుంది, దాని అంచున నల్లటి ఈకలు. నేను గీసినవన్నీ మిఠాయి కొట్టులో పీచుమిఠాయిలా ఉన్నాయి. కాబట్టి పుస్తకమంతటా గులాబిని తీసేసి, 60, 61 పేజీలలో గుంపు మొత్తం ఒకేసారి ఎగిరినప్పుడు మాత్రమే ఆ రంగును వాడాలని నిర్ణయించాను.

రెండోది ఇంకా ముఖ్యం. ఈ పక్షి తినేటప్పుడు మెడ వంచి తలను పూర్తిగా తలకిందులు చేసి ముక్కును నీళ్లలో ఉంచుతుంది, కాళ్లతో బురదను కలుపుతుంది. నాలుకతో నీళ్లను లోపలికి పీల్చి బయటికి నెడుతుంటే, ముక్కు అంచుల్లో ఉన్న సన్నటి పళ్ల వరుస జల్లెడలా తిండిని పట్టుకుంటుంది. ఈ సంగతి పుస్తకాల్లో నాకు ముందే తెలుసు. కానీ ఒక బూడిద రంగు పిల్ల నా కళ్ల ఎదుట ఆ పని చేస్తున్నప్పుడు గానీ, అది వేరు చేస్తున్నది నీళ్లనేనని బుర్రకెక్కలేదు. పాల సంగతి వదిలేస్తే చుక్కయ్య చెప్పింది సగం నిజమే!

తిరుగు రైల్లోనే చివరి పేజీలు మళ్లీ రాసుకున్నాను. అంతకన్నా పెద్ద మార్పు వెనక పేజీలలో ఉంది. అడయారు ఒడ్డున, వంతెన కింద, ఎన్నూరు దగ్గర, ఎక్కడ నీళ్లు కనిపిస్తే అక్కడ వెనకాల పిల్లోడు తల తలకిందులుగా పెట్టి నిలబడి ఉంటాడు. మిత్రులు అది చూసి "పాపం, ఇక్కడ కూడా వెతుకుతున్నాడు" అనుకుంటారు. వాడు వెతకడం లేదు, భోజనం చేస్తున్నాడు. రంగు ప్రతి పేజీలోనూ వాడి గొంతులోకి దిగుతూనే ఉంది, చూసిన పిల్లలకు మొదటి నుంచీ కనిపిస్తూనే ఉంది. దీనికోసం ఇంకు వేసిన పదకొండు గడులను మళ్లీ గీయాలి. చేయి నొప్పెట్టినా పరవాలేదు, జూన్ 8న రాసుకున్న చిక్కు ఇక్కడ విడిపోయింది.

59వ పేజీలో చుక్కయ్య ఆ దృశ్యాన్ని చూసి అనేది ఒకే ఒక మాట: "చెప్పలా!" పుస్తకం మొత్తంలో అతడి అతి చిన్న బుడగ అదే.

ఫిబ్రవరి 15

స్క్రైబస్ అనే సాఫ్ట్‌వేర్‌లో పేజీలు కూర్చి ప్రెస్సుకు పంపిన మొదటి ఫారం నమూనా వచ్చింది, చూసి గుండె జారిపోయింది. పాత పద్ధతి ఫాంట్లకు అలవాటుపడిన డీటీపీలో ఫైలు తెరిచినప్పుడు వత్తులు విడిపోయి, "క్ష్మి" మూడు ముక్కలై నిలబడింది. అన్ని అక్షరాలనూ గీతలుగా మార్చి మళ్లీ పంపాను. రెండో లోపం నాదే. అక్షరాల నలుపు నాలుగు రంగుల మిశ్రమంగా వెళ్లింది. ప్లేట్లు వెంట్రుకవాసి కదిలినా అక్షరం చుట్టూ ఎర్రటి నీడ కనిపిస్తుంది. ఇప్పుడు అక్షరాలన్నీ ఒక్క నలుపు ప్లేటు మీదే ఉన్నాయి. తెర మీద మెరిసిన గులాబి కాగితం మీద నీరసించింది. మెజెంటా పెంచి, నీలాన్ని పూర్తిగా తీసేశాక, మూడో నమూనాలో రెక్క విప్పిన రంగు వచ్చింది.

ఫిబ్రవరి 22

పూర్తి నమూనా పుస్తకాన్ని మేనకోడలి చేతికి ఇచ్చి, నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. 23 దగ్గర నిశ్శబ్దం, 24 దగ్గర కేక వినిపించాయి. ముప్పావు గంట తర్వాత పుస్తకం పట్టుకుని వచ్చి, నవ్వు ముఖంతో కాదు, లెక్కల టీచరు ముఖంతో నిలబడింది. నక్షత్ర తాబేలు డిప్ప మీద నడుమ ఐదు, అటు నాలుగు, ఇటు నాలుగు, మొత్తం 13 పెద్ద పలకలుంటాయి, ఒక్కో పలక మీద ఒక్కో పసుపు చుక్క. "మామయ్యా, 37లో పద్నాలుగున్నాయి. 41లో పన్నెండే. 52లో లెక్కే లేదు." వరసగా చూపించింది.

ప్లేట్లు శుక్రవారం వేస్తామన్నారు. ఈ రాత్రికి మూడు డిప్పలు సరిచేయాలి. 52లో చుక్కయ్య వెల్లకిలా పడి ఉన్నాడని చెప్పి చూశాను గానీ, ఒప్పుకోలేదు.